ఎవరూ నొక్కని ఓకే

మూడో మిక్సర్‌లోంచి శవాన్ని బయటికి తీసేసరికి పొద్దున పదకొండైంది.

చనిపోయింది ఫ్యాక్టరీ ఫిట్టర్. అందరూ సుత్తి అనేవాళ్ళు. చేతిలో ఎప్పుడూ సుత్తే, నోరు విప్పితే అంతకంటే పెద్ద సుత్తి. రంగులు కలిపే ఆ ఇనప తొట్టిలోకి వదులైన రెక్క బిగించడానికి దిగాడు. లోపల ఉండగానే మిక్సర్ తిరిగింది.

ఆ సమయంలో కంట్రోల్ రూమ్ డ్యూటీ ఆపరేటర్‌ది. సుత్తికి స్వయానా బావమరిది.

ఇన్‌స్పెక్టర్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టగానే మేనేజర్ ఎదురొచ్చాడు. ఆమెకు ముక్కు మీద కోపమని అతనికి తెలియదు. మూలన నిలబడ్డ ఆపరేటర్‌ని వేలితో చూపించాడు.

"ఇందులో తేల్చడానికేముంది మేడమ్? లోపల మనిషి ఉన్నాడు, స్టార్ట్ చేయాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. వీడి లాగిన్ నుంచి ఓకే వెళ్ళింది. అరుపు విని నేనే పరుగెత్తుకొచ్చి గోడ మీది స్టాప్ బటన్ నొక్కాను. గదిలో పురుగు కూడా లేదు. వీడు అప్పటికే జారుకున్నాడు."

"రిజిస్టర్లు చూపించండి."

"మా దగ్గర కాగితం ముక్క ఉండదు మేడమ్. అంతా సాఫ్ట్‌వేరే." ఆ మాట అంటుంటే అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది. అవతల శవం ఇంకా గేటు దాటలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్ వైపు తిరిగింది.

"పొద్దున క్యాంటీన్‌లో మీ బావతో గొడవైందా?"

"అయింది."

"ఏమన్నావ్?"

"నీ చావు నువ్వు చావు అన్నాను."

"ఎందుకు?"

"ఈ సాఫ్ట్‌వేర్ సంగతి మేనేజర్ గారిని నిలదియ్యమని వెంటపడ్డాడు. నాకు ధైర్యం లేదని ఎగతాళి చేశాడు."

"ఓకే నొక్కావా?"

"లేదు. పైన వాల్వుల దగ్గరున్నాను."

"చూసినవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరు నొక్కారు?"

అతను తల దించుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ సుత్తి భార్య ముందుకొచ్చింది. "నా కళ్ళలోకి చూసి చెప్పరా తమ్ముడూ. నువ్వేనా?"

అతను చూడలేదు. ఆమె గోడకు జారగిలబడింది. పొద్దున మొగుడు పోయాడు. ఇప్పుడు తోడబుట్టినవాడు హంతకుడై జైలుకు పోబోతున్నాడు. ఇక ఆమెకు మిగిలేది ఇద్దరు పిల్లలే.

కానిస్టేబుల్ స్వాధీనం చేసుకున్న వస్తువులు చదివాడు. "కీబోర్డ్ ఒకటి. మౌస్ ఒకటి. మేనేజర్ గారు పేపర్ వెయిట్ అని చెప్పిన తాళంకప్ప ఒకటి."

ఇన్‌స్పెక్టర్ బల్ల వైపు ఒకసారి చూసింది.

మర్నాడు మధ్యాహ్నం అందరినీ అదే గదికి పిలిపించింది. కొత్తగా వచ్చింది ఒకావిడే. ఈ సాఫ్ట్‌వేర్‌ను మార్చమని కొన్ని నెలల క్రితం హెడ్డాఫీసు పంపిన డిజైనర్.

"మీరిక్కడ ఏం చేశారు?"

"వారం రోజులు ఆపరేటర్ల పక్కనే కూర్చున్నాను మేడమ్. వీళ్ళు ఈ సాఫ్ట్‌వేర్ వాడటం లేదు, దాన్నుంచి తప్పించుకుంటున్నారు. నిమిషానికో పెట్టె తెర మీదికి వస్తుంది. టెంపరేచర్ నమోదైంది, ఓకే. గంట మారింది, ఓకే. నొక్కకపోతే పని మొత్తం ఆగిపోతుంది, ఆపరేటర్‌కి మెమో వస్తుంది. మనిషి ప్రాణానికీ అదే బూడిదరంగు పెట్టె, అదే ఓకే! పెట్టెలన్నీ తీసేసి, లోపలికి దిగిన ఫిట్టర్ బయటికొచ్చి తన కోడ్ కొడితేనే మిక్సర్ తిరిగేలా డిజైన్ చేసిచ్చాను."

"ఏమైంది?"

"వీళ్ళకి అలవాటైపోయింది, మార్పెందుకు అన్నారు మేనేజర్ గారు. అసలు వీళ్ళనెందుకు అడిగావు, నన్నడిగితే అరగంటలో చెప్పేవాణ్ణి అన్నారు."

"కాగితమే లేని గదిలో పేపర్ వెయిట్ ఎందుకు మేనేజర్ గారూ?" ఇన్‌స్పెక్టర్ తాళంకప్పను బల్ల మీద పెట్టింది. దాని మీద చిన్న సుత్తి బొమ్మ గీసి ఉంది.

"అది మా ఆయనదే," అంది సుత్తి భార్య. "తొట్టిలో దిగేముందు మిక్సర్ స్విచ్‌కి వేసి, తాళంచెవి జేబులో పెట్టుకునేవాడు."

"ఎందుకు మానేశాడు?"

"సాఫ్ట్‌వేర్ ఉండగా కప్పలెందుకని ఈ మేనేజర్ గారే మాన్పించారు."

ఇన్‌స్పెక్టర్ కప్పను ఓకేకి బదులు నొక్కే ఎంటర్ కీ మీద పెట్టింది. బరువుకి కీ అలాగే నొక్కుకుపోయింది. "మిక్సర్ బెల్టు ఊడదీయించాను. మోటారు మాత్రమే తిరుగుతుంది. కానివ్వండి."

డిజైనర్ తొట్టిలో దిగడానికి నిన్న తీసుకున్న పర్మిట్‌ని సాఫ్ట్‌వేర్‌లో తెరిచింది. తెర మీద పెట్టె వచ్చింది, మాయమైంది. ఇంకొకటి వచ్చింది, మాయమైంది. మూడోదాన్ని ఎవరూ చదవలేకపోయారు. కింద మోటారు గర్జించింది.

"ఆపండి!" అరిచాడు మేనేజర్.

ఇన్‌స్పెక్టర్ స్టాప్ నొక్కింది.

"నిన్న కూడా ఇలాగే ఆపారు. ముందు వచ్చింది మీరే, గదిలో ఎవరూ లేరన్నదీ మీరే. అప్పుడు ఈ కప్ప ఎంటర్ మీదుంది. పక్కకి తీసింది ఎవరు?"

మేనేజర్ చూపు కప్ప మీద నుంచి తలుపు వైపు జారింది.

"ఓకే ఎవరూ నొక్కలేదని ఆ క్షణమే మీకు తెలుసు. తెలిసీ ఒక అమాయకుణ్ణి హంతకుడన్నారు! అదీ అతని అక్క ముందు!" ఆమె అరుపుకి కిటికీ అద్దం అదిరింది. "సాక్ష్యం మార్చినందుకు ఒక కేసు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు ఇంకొకటి. నడవండి."

"నేను ఓకే నొక్కలేదు మేడమ్!"

"మీరు ఏనాడూ నొక్కలేదు. ఆ కుర్చీలో ఒక్క గంట కూర్చోలేదు. అదే మీ నేరం."

కానిస్టేబుల్ అతన్ని తీసుకెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్ వైపు చూసింది. "నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"అన్ని షిఫ్టుల వాళ్ళూ కప్ప పెడతారు మేడమ్. అందరి ఉద్యోగాలూ పోతాయని..." అక్క వైపు తిరిగాడు. "నిన్న పెట్టింది నేనేనక్కా. వాల్వులు చూడ్డానికి వెళ్తూ నేనే పెట్టాను. బావ మూడో దాంట్లోకి దిగాడని నాకు తెలీదు."

ఆమె అతని చెంప పగలగొట్టింది. తర్వాత ఆ చేత్తోనే అతని చొక్కా పట్టుకుంది.

"ఇంటికి పద."

"పిల్లల మొహం ఎలా చూడనక్కా?"

"చూడాలి. వాళ్ళ నాన్న ఎలా పోయాడో నువ్వే చెప్పాలి. ఎవరెవరు చంపారో, ఒక్కరిని కూడా దాచకుండా చెప్పు."