దుర్బిణి లోపలి ఆవిరి

"మళ్లీ ఊదావుగా భాభీ! డబ్బాలో అణా వెయ్యి."

"మీ అన్న ఇరవై ఏళ్లు ఊదే తుడిచాడు. ఒక్క అద్దమన్నా చెడిందా? వెయ్యను పో."

నరసరావుపేట బజారులో గడియారాలూ కళ్లద్దాలూ బాగుచేసే కొట్టది. మొగుడు పోయాక సాబిరా, ఆమె మరిది జమాల్ కలిసి నడుపుతున్నారు. ఊపిరి తగిలితే అద్దానికి బూజు పడుతుందని జమాల్ జరిమానా పెట్టి నాలుగేళ్లయింది. ఆమె ఇంతవరకూ అణా వేసింది లేదు, డబ్బా ఖాళీ. సణుక్కుంటా అతను మధ్యాహ్నం నమాజుకి పోయాడు.

అప్పుడొచ్చింది ఈపూరు హనుమాయమ్మ, కొంగులో దుర్బిణి చుట్టుకోని. కొడుకు నాగేశ్వరరావు బర్మా యుద్ధంలో కనపడకుండా పోయి ఏడాది. మొన్న పట్టాళం వాళ్లు అతని సామాను పంపారు, అందులోదే ఈ దుర్బిణి.

"మసక తియ్యి సాబిరమ్మా. వాడు తేటగా కనపడటంలా."

బిడ్డ పోయినావిడ ఏదో ఒకటి అంటదిలే అనుకుంది సాబిరా. "అరగంటాగి రా పెద్దమ్మా."

ఉడత వెంట్రుకల కుంచెతో దుమ్ము దులిపింది. పాత మల్లుగుడ్డతో తుడిచింది. ఎడమ గొట్టంలో మసక పోలా. మర విప్పి చూస్తే లోపలంతా పొడిగానే ఉంది. తుడిచి బిగించింది.

అద్దం మీద గుండ్రంగా ఆవిరి పట్టింది. లోపలి వైపు. తగ్గింది... మళ్లీ పట్టింది. అచ్చం ఎవరో ఊపిరి విడిచినట్టు.

బయట ఎండ మండిపోతోంది. బజారు చప్పుడు వినపడటంలా. కొట్టంతా వానకి కుళ్లిన ఆకుల వాసన.

తన ఊపిరి బిగబట్టింది. ఆవిరి ఆగలా.

"ఎవరయ్యా?" గుసగుసగా అడిగింది.

గబగబా పట్టింది... ఒకటి, రెండు, మూడు... ఆపైన నిదానించింది. రూపాయంత ఉన్నది పావలంత అయింది. కందిగింజంత అయింది.

మర తిప్పింది. ఇందాక తేలిగ్గా వచ్చిన మర ఇప్పుడు కదల్లా. పళ్లతో పట్టి లాగింది. రాలా. ఏం చెయ్యాలో తోచక అద్దానికి నోరానించి ఊదింది. మళ్లీ ఊదింది...

లోపల్నించి ఒక్కసారి, చిన్నగా.

ఇంక పట్టలా.

హనుమాయమ్మ వచ్చి కళ్లకి ఆనించుకుంది. "ఎంత తేటగా చేశావే తల్లీ!" బజారు వైపు తిప్పింది. ఆకాశం వైపు తిప్పింది.

"పొద్దుటిదాకా ఉన్నాడే సాబిరమ్మా... చెట్టుకింద కూచోని చెయ్యూపేవాడే. ఏడీ?"

సాబిరా దుర్బిణి తీసుకోని ఆమె కొంగులో చుట్టిపెట్టింది. కూలీ అడగలా.

జమాల్ వచ్చేసరికి డబ్బాలో అణా వేస్తోంది.

"ఏంది భాభీ, ఒళ్లు బాగుందా?"

"ఊదాను. కట్టాను. ఇంకేం అడగమాక."

సాయంత్రం జమాల్ నవ్వుకుంటా డబ్బా బోర్లించాడు. ఒక అణా పొడిగా ఉంది. ఇంకోటి తడితడిగా, ఎర్రబురద అంటుకోని ఉంది.

మొత్తం జరిమానా రెండణాలు.