వెనక ఇంజను

కాదు, దాన్ని భయం అనకూడదు, జాగ్రత్త అనాలి అనుకుంది భవానీదేవి, స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో బొమ్మ పట్టాలు తుడుస్తూ. కోనసీమ ఉప్పుగాలికి తెల్లారేసరికి అవి మసకబారతాయి. మసకబారితే కరెంటు అందదు, రైలు ఆగిపోతుంది. కాలేజీకి ఫిజిక్స్ చెప్పడానికి వెళ్లేముందు ఈ మేడగదిలో పావుగంట తుడవడం ఆవిడకి పన్నెండేళ్ల అలవాటు. దాన్నెవరూ భయం అనలేదు. మరి కూతురి విషయంలో చేసిన పనికి మాత్రం ఆ పేరెందుకు?

గదంతా పరిచిన ఆ చిన్న లోకంలో, నిజంలో ఇంకా రాని రైలు అమలాపురానికి ఎప్పుడో వచ్చేసింది. గోదావరి మీద వంతెన, పట్టాల పైన కరెంటు తీగలు, గట్టున పీచుతో చేసిన కొబ్బరిచెట్లు. అక్కడ అన్నీ ఈ కాలానివే ఉండాలన్నది ఆవిడ నియమం. అలాంటి చోట ఆవిరి ఇంజను నడుపుదామంది కూతురు శ్రీవాణి. ప్రత్యేక యాత్రలకి ఇప్పటికీ దాన్ని బయటికి తీస్తారనీ, నియమం తప్పినట్టు కాదనీ వాదించి ఒప్పించింది. మధ్యాహ్నం బస్సుకి ఆ పిల్ల విజయవాడ వెళ్తోంది, రైలింజను నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ట్రైనింగుకి.

ఆ ఆవిరి ఇంజను దారిలో ఆగిపోతే తొయ్యడానికని భవానీదేవి బండి చివర ఒక కరెంటు ఇంజను తగిలించింది. వంతెన ముందు మలుపులో మధ్య పెట్టెలు పట్టాలు తప్పాయి. సరిచేసి మళ్లీ నడిపితే అక్కడే మళ్లీ తప్పాయి.

అంబాజీపేట కొట్టుకి బయల్దేరుతున్న పాపారావు మెట్ల మీంచి తొంగిచూశాడు. "ఏమండోయ్ రైల్వేవారూ, పెసరట్లు చల్లారిపోతున్నాయి. నా కొబ్బరికాయల లారీ ఒక్కనాడైనా పట్టాలు తప్పిందా?"

"దానికి పట్టాలుంటే కదా నాన్నా," అంది శ్రీవాణి. ఆయన నవ్వుకుంటూ దిగిపోయాడు.

పెట్టెలు ఒక్కొక్కటే పట్టాల మీద పెడుతూ, తలెత్తకుండా శ్రీవాణి మళ్లీ అంది.

"పొద్దున్నే శ్యామ్ మావయ్య ఫోన్ చేసేడమ్మా. నా పేరున నువ్వు పంపిన కాగితం చదివి వినిపించేడు. రాత్రి డ్యూటీలు నా ఒంటికి పడవట. ఆఫీసులో కుర్చీ పని ఇప్పించాలట. కింద సంతకం కూడా నాదేనట."

భవానీదేవి చేతిలో గుడ్డ మడిచింది, విప్పింది. తమ్ముడు రైల్వే ఆఫీసులో ఉన్నాడు కదా, ఒక మాట వేసి ఉంచితే తప్పేమిటని మొదలుపెట్టింది. నీకు ముందే చెబుదామనుకున్నానంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"మధ్యలో నీ వల్ల కాకపోతే ఎలాగే?"

"ఇందాక ఈ బండి ఆగిందా అమ్మా? ఆగలేదు. ముందుది మెల్లిగా కదులుతుంటే వెనకనించి నువ్వు తోసేవు. ఇంజన్లు రెండూ బాగానే ఉన్నాయి. నలిగినవి మధ్యలో పెట్టెలు."

ఇరవయ్యారేళ్లుగా పిల్లలకి బలాల గురించి పాఠం చెబుతున్న మనిషికి ఆ లెక్క వెంటనే అందింది. బండి ఆగిపోతే చూడలేనిది తను. పిల్ల ఏడిస్తే తట్టుకోలేనిదీ తనే. తన తడబాటుకి కూతురి పేరు రాసి, కూతురి సంతకం పెట్టింది.

వెనక ఇంజను విడదీసి పక్కన పెట్టింది.

శ్రీవాణి పొగగొట్టంలో రెండు చుక్కల నూనె వేసి వేగం మార్చే మీట తిప్పింది. సన్నగా పొగ లేచింది. ఈసారి మలుపు దాటింది. వంతెన ఎక్కే ఎత్తులో చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగసాగాయి. భవానీదేవి చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది. శ్రీవాణి అటు చూడనైనా లేదు. మీట పూర్తిగా వెనక్కి తిప్పి, ఒక్క క్షణం ఆగి, వెంట్రుకవాసి తెరిచింది. చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి. అయిదు పెట్టెలూ కుదుపు లేకుండా గోదావరి దాటాయి.

ఆ ఒడుపు తను నేర్పింది కాదు. ఎప్పుడు నేర్చుకుందో తెలియదు కూడా. భవానీదేవి కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి తమ్ముడికి కలిపింది.

"ఆయ్, చెప్పక్కా."

"ఆ కాగితం వాణి రాసింది కాదురా, నేను రాసేను," అంది కూతురి వైపే చూస్తూ. "చింపెయ్యి."