తడిసిన కార్డు

ఆ గదికి మంచి పేరు లేదు. ఫోటో స్టూడియో కింద, నేలమాళిగలో ఉంటుంది — ఒకప్పుడు బ్యాంకు వాళ్ళు లాకర్లు పెట్టుకున్న గది. ఇనుప తలుపు, మూరెడు మందం గోడలు, కిటికీ అన్న మాటే లేదు. దాచుకున్నది తీసుకోకుండానే పోయినవాళ్ళు దానికోసం అక్కడికి వస్తుంటారని చెప్పుకుంటారు. లోపలికెళితే వెనకాల ఎవరో నిలబడ్డట్టు ఉంటుందట... తిరిగి చూస్తే ఎవరూ ఉండరట.

స్టూడియో యజమానికి ఇవేం పట్టవు. చెమ్మ చేరని గది దొరకడమే అదృష్టమని కెమెరాలూ, మెమరీ కార్డులూ అందులోనే పెట్టించాడు. ఆయన దగ్గర ఫోటోలు తీసేది ఆయన అన్నగారి కూతురు. ఆ అమ్మాయికి మాత్రం ఆ గదంటే చచ్చేంత భయం.

అయినా ఆ రాత్రి వెళ్ళింది. వెళ్ళక తప్పలేదు.

ఆరు రోజుల కిందట ఒక పెళ్ళి తీసింది. ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి, కార్డు జీన్స్ జేబులోనే మరిచిపోయింది. మర్నాడు వాళ్ళమ్మ ఆ జీన్స్‌ని వాషింగ్ మెషీన్లో పడేసింది. గంట తిరిగాక కార్డు మాత్రం శుభ్రంగా బయటికొచ్చింది!

"వారం ఆరనీ. తడి కార్డుకి కరెంటు తగిలిందో, ఫోటోలన్నీ గోవిందా," అన్నాడు బాబాయ్. అందుకే దాన్ని ఆ గదిలో పెట్టారు.

పెళ్ళయిన మూడో రోజున పెళ్ళికూతురి తండ్రి నిద్రలోనే పోయాడు.

"అక్కా, నాన్న కెమెరా కనిపిస్తే మొహం చాటేసేవాడు. నవ్వుతూ దొరికింది నీకొక్కదానికే," అని ఆ పిల్ల ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది. కార్డు తడిసిందని చెప్పడానికి ఈమెకి నోరు రాలేదు. "తెస్తానమ్మా," అనేసింది.

ఆరిందో లేదో చూద్దామని, స్టూడియో కట్టేసే వేళకి కిందకి దిగింది. ఫోన్ పైన ఛార్జింగులో ఉంది. డబ్బాలోంచి కార్డు తీసి చేతిలోకి తీసుకుందో లేదో —

లైటు ఆరిపోయింది. ఆ వెంటనే తలుపు ధన్‌మని మూసుకుంది.

బాబాయే. రోజూ మెయిన్ ఆపేసి, ఆ తలుపు ఒక్క తోపు తోసి వెళ్ళిపోతాడు. చెవి కాస్త మందం. తలుపు మీద ఎంత బాదినా, గొంతు చించుకున్నా లాభం లేకపోయింది. రేపూ ఎల్లుండీ సెలవు.

చీకటి... కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఈ గాలి ఎంతసేపు సరిపోతుంది? ఆ ఆలోచన రాగానే ఊపిరి బరువెక్కింది.

లోపల్నుంచి తలుపు తెరిచే పిడి ఒకటి గోడలో ఎక్కడో ఉందని బాబాయ్ ఎప్పుడో అన్నాడు. ఎక్కడో ఆయనకీ తెలీదు. చేతులతో తడుముకుంటూ వెళ్ళింది. ఎటు తడిమినా చల్లటి ఇనుము. ఒక అరలో పాత కెమెరా తగిలింది. దాని వెనక తెర పగిలిపోయింది గానీ ఫ్లాష్ పనిచేస్తుంది. ప్రాణం లేచొచ్చి బటన్ నొక్కింది.

బటన్ పడలేదు.

ఒకప్పుడు ఒక మహానుభావుడు కార్డు పెట్టకుండానే నిశ్చితార్థం మొత్తం తీసేశాడు. ఆ దెబ్బతో, కార్డు లేకపోతే బటనే పడకుండా బాబాయ్ ప్రతి కెమెరాకీ కట్టుదిట్టం చేశాడు. మిగతా కార్డులన్నీ ఆయన తాళం వేసిన సొరుగులో ఉన్నాయి. బయట ఉన్నది ఒక్కటే — తన పిడికిట్లోది.

ఎంతసేపు కూర్చుందో తెలీదు. ఆ పిల్ల ఏడుపు చెవుల్లోనే ఉంది. కానీ బతకాలని ఉంది, చాలా ఉంది. సిగ్గుతో, భయంతో ఏడ్చేసింది.

"అయ్యా... నన్ను క్షమించండి," అని గొణిగి, కార్డు కెమెరాలోకి తోసింది.

ఫళ్‌మని వెలుగు — ఉత్త గోడ. మళ్ళీ వెలుగు — లాకర్ల వరస. తర్వాత ఎటు తిప్పాలో తోచక నిలబడిపోయింది.

అప్పుడు... ఎడమ పక్క, చాలా దగ్గర్లో, ఎవరో గొంతు సవరించుకున్నారు.

కెవ్వుమంటూ అటు తిరిగి నొక్కేసింది. ఆ వెలుగులో, బీరువా పక్క సందులో, తలకంటే ఎత్తున — పిడి! ఇంకేం చూడలేదు. ఎగిరి పట్టుకుని లాగింది. తలుపు కదలగానే మెట్లు నాలుగు కాళ్ళ మీద ఎక్కింది.

పొద్దున్నే బాబాయ్‌నీ పెళ్ళికూతుర్నీ పిలిపించి, కార్డు కంప్యూటర్‌కి పెట్టింది. ఒక్కటీ పోలేదు. పద్నాలుగు వందల ఫోటోలూ భద్రంగా ఉన్నాయి. తండ్రి నవ్వు దగ్గర ఆ పిల్ల తెరని చేత్తో తడిమింది.

చివర్లో రాత్రివి మూడు వచ్చాయి. గోడ. లాకర్లు. మూడోదానిలో ఒక సగంలో పిడి, ఇంకో సగంలో ఆ తండ్రి. నవ్వుతూ, పిడి వైపు చెయ్యి చాచి ఉన్నాడు.

"భయపడకండి," అన్నాడు బాబాయ్. "కార్డులో చెమ్మ ఇంకా ఉన్నట్టుంది. అప్పుడప్పుడూ ఇలాగే పెళ్ళి ఫోటో ఒకటొచ్చి ఇంకోదానిలో కలిసిపోతుంది."

హమ్మయ్య అనుకుంది అమ్మాయి. పెళ్ళికూతురు మాత్రం తెర దగ్గరికి వంగి, చాలాసేపు చూసింది.

"ఇది పెళ్ళిలోది కాదక్కా," అంది మెల్లగా. "ఈ చొక్కా... నాన్నని తీసుకెళ్ళే ముందు మేం వేసింది."