చంద్రప్ప అమ్మజూపిన జీను

బీదర్ చౌబారా బురుజు దగ్గర మేడమీది గదిలోకి ఆ పొద్దున వచ్చిన అమ్మాయి మోచేతికి కట్టు ఉంది. ముఖంలో నొప్పికంటే భయమే ఎక్కువ.

"కావేరక్కా, ఒక పాత ఇంగ్లీష్ జీను కొనాల్నా వద్దా, మీరే చెప్పాలె" అంది.

సంగమేశ్‌కు నవ్వాగలేదు. జీను బేరానికి డిటెక్టివ్ ఎందుకు? అతను సహాయకుడిగా పనిచేసే ఆ డిటెక్టివ్, కావేరి, మాత్రం నవ్వలేదు.

"కిందపడ్డది ఆ జీను మీదికెల్లేనా?" అని అడిగింది.

అమ్మాయి పేరు భాగ్యజ్యోతి. చిమ్కోడ్ ఊరి రైతుబిడ్డ. చంద్రప్ప నడిపే సవారీ బడిలో నేర్చుకుని, బెంగళూరులో జరిగే గుర్రపు దూకుళ్ల పోటీకి ఎంపికైంది. పోటీకి సొంత జీను కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. చంద్రప్ప తన పాత జీనును చవగ్గా ఇస్తానన్నాడు.

"నిన్న ఏసి చూసిన అక్కా. నా గుర్రం మేఘ మస్తు మంచిగ నడిసింది. దిగి నీళ్లు తాగి మళ్ల ఎక్కిన్నో లేదో, ఎగిరి పడేసింది. జీను లోపలి చెక్క ఇరిగిందని మా బడిల నేర్పే సంజయ్ మాస్టర్ అంటుండు. చంద్రప్ప మామ దగా చేసిండంటుండు. మామ అసొంటోడు కాదక్కా!"

"దిగినంక తంగు వదులు చేసినవా?"

గుర్రం పొట్టకింద నుంచి జీనును బిగించే పట్టీ అది.

"లే. మూడో రంధ్రానికి బిగించిన. మళ్ల ముట్టనే లేదు."

"అప్పుడు అక్కడ ఎవరెవరున్నరు?"

"మామ చెంబుతోటి నీళ్లందిచ్చిండు. ప్రణీత తన గుర్రం మీదికెల్లే నాతోటి ముచ్చట పెట్టింది. మాస్టర్ బిడ్డే ప్రణీత. నేను పోకుంటె పోటీకి ఆమెనే పోతది."

సవారీ మైదానంలో చంద్రప్ప తల దించుకుని నిలబడ్డాడు. జీవితమంతా గుర్రాలతో గడిపిన ముసలాయన, ఒక్క రోజులో వంగిపోయినట్టున్నాడు.

"జీను ఇప్పింది ఎవరు?" అడిగింది కావేరి.

"నేనే తల్లీ. తంగు రెండో రంధ్రంల ఉండె."

సంగమేశ్ చటుక్కున తలెత్తాడు. కావేరి కళ్లతోనే ఆగమంది. సంజయ్ వైపు తిరిగింది.

"చెక్క ఇరిగిందని ఎట్ల తెలిసింది మాస్టర్?"

"పొట్టకు ఆనిచ్చి గుంజి చూసిన. నడుమల మడత పడ్డది. గుర్రం ఎగిరినప్పుడు మాత్రం నేను గేటు కాడ ఫోన్ల మాట్లాడుతున్న."

మేఘ వీపు మీద ఎడమవైపు ఒక్కచోటే చిన్న గాయం ఉంది. కావేరి దాన్ని చూసి, జీనును తిరగేసి లోపలి ఉన్ని మెత్తను అరచేత్తో తడిమింది. ఒకచోట చెయ్యి ఆగింది. తర్వాత చంద్రప్ప, సంజయ్, ప్రణీత, భాగ్యజ్యోతి నలుగురినీ వసారాలోకి పిలిచింది.

జీను ముందుభాగాన్ని పొట్టకు ఆనించుకుని, వెనకభాగాన్ని బలంగా తనవైపు లాగింది. జీను వంగలేదు. కిర్రుమనలేదు.

"చెక్క ఉక్కులెక్క ఉన్నది. ఇగ ఇది చూడుండ్రి."

మెత్తకున్న చీలికలోంచి ఆమె రెండు వేళ్లతో లాగింది. పొడవాటి తుమ్మముల్లు!

"మొదటిసారి ఎక్కినప్పుడు ఇది లేదు. ఉంటే మేఘ అప్పుడే ఎగిరేది. భాగ్య నీళ్లు తాగేటప్పుడు ఎవరో తంగు ఇప్పిండ్రు, ముల్లు పెట్టిండ్రు, తొందరల ఇంకో రంధ్రానికి బిగించిండ్రు. అప్పుడు మామ, ప్రణీత ఇద్దరూ భాగ్య ముందలే ఉన్నరు. మిగిలింది మీరే మాస్టర్. తెలవనోడైతే చెక్క సంగతి పొరపడ్డడనుకుందును. మీకు గుంజి చూసుడు తెలుసు. చూసి కూడ మడత పడ్డదన్నరు."

సంజయ్ గోడకు ఆనుకున్నాడు. "కింద పడుతదనుకోలే... భయపడి జీను కొనకుంటె చాలనుకున్న. నా బిడ్డ పోతదని..."

"బాపూ!" ప్రణీత తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది. "భాగ్యను నేను గెల్వాలె. ముల్లు గెలిస్తె నాకేం ఇజ్జత్?"

చంద్రప్ప నడుము నిటారైంది. "రేపటిసంది ఈ బడిల నీకు పని లేదు సంజయ్. నీ బిడ్డకు మాత్రం జాగ ఉన్నది."

కావేరి జీనును భాగ్యజ్యోతి చేతుల్లో పెట్టింది. "కొనుక్కో తల్లీ. నిన్ను మోసేటందుకే ఉన్నది ఇది."

మేఘ వీపు, భాగ్యజ్యోతి చెయ్యి మానాక, చంద్రప్ప కబురు పంపితే కావేరి, సంగమేశ్ మళ్లీ వెళ్లారు. భాగ్యజ్యోతి వీపు నిటారుగా పెట్టి జీనులో కూర్చుంది. మేఘ పరుగందుకుంది. అడ్డంగా కట్టిన వాసం మీదుగా గాలిలోకి లేచి, అవతల మెత్తగా దిగింది. మొదటి చప్పట్లు ప్రణీతవే. తన యజమానురాలి వైపు చూస్తే సంగమేశ్ ఛాతీ ఉప్పొంగింది. కావేరి చూపు మాత్రం గుర్రం మీదనే ఉంది.

"మన బీదర్ పోరి!" అన్నాడు చంద్రప్ప. ఎవరూ అడగలేదు. అయినా ఇంకోసారి, ఇంకా గట్టిగా అన్నాడు.