నరసాపురం రేవులో నాలుగు సెకన్లు

రేవులో కంప్యూటర్‌కి బ్రౌజర్ పెట్టడానికి వచ్చిన ఇంజనీరు సందీప్‌ని మూడో రోజే చంపి గోదావరిలో పడేశారు. 2004 నవంబరు అది.

"బ్రౌజర్ కోసం ఎవరూ మనిషిని చంపరు," అన్నాడు చీఫ్ పల్లంరాజు ఏజెంట్ ఉదయభాస్కర్‌తో, రాజమండ్రిలోని సేఫ్ హౌస్‌లో. "నరసాపురం పడవవాళ్లు వాతావరణం చూసుకునే కియోస్కు అది. ఆదివారం తుఫాను రావొచ్చు. ఆ తెర మీద సముద్రం ప్రశాంతం అని కనిపిస్తే అరవై పడవలు వేటకి పోతాయి. వాటిని వెతకడానికి గస్తీ ఓడలన్నీ ఇటొస్తాయి. ఉత్తరాన తీరం ఖాళీ. విదేశీ ముఠా అక్కడ ఆయుధాలు దించుతుంది. ముఠాలో మన మనిషి ఉంది. నిన్ను కలుస్తుంది."

మర్నాడు ఉదయభాస్కర్ మాసిన చొక్కా, స్క్రూడ్రైవర్‌తో మెకానిక్‌లా రేవులో దిగాడు. తెల్లచీర, లేసు హ్యాండ్‌బ్యాగు, మల్లెల సెంటు. లేసు ఎగుమతిదారు వేషంలో ఉన్న మంజుష దగ్గరకొచ్చింది.

"పులస దొరుకుతుందాండి?"

"ఎర్రనీరు రావాలి కదండి."

కోడ్ కలిసింది.

కంప్యూటర్ పాతది, మెమరీ తక్కువ. ముందే ఉన్న బ్రౌజర్ తెరుచుకోడానికి రెండు నిమిషాలు పట్టింది. పైన అడ్రస్ బార్, మెనూలు. ఎవరైనా ఏ పేజీ అయినా పెట్టేయొచ్చు. సందీప్ సంచిలో దొరికిన ఫ్లాపీలో ఇంకోటుంది. దానికి అడ్రస్ బార్ లేదు, మెనూ లేదు. ఒకే సైటు. మూసినా, కరెంటు పోయి వచ్చినా, నాలుగు సెకన్లలో దానంతటదే తెరుచుకుంటుంది.

"మొదటిదే ఉంచండి," అంది మంజుష. "దారి వదిలితేనే కదండి ముఠా దొరికేది."

మాట సబబుగానే ఉంది. కానీ సందీప్ ఎంచుకున్నది రెండోది. ఉదయభాస్కర్ అదే ఎక్కించాడు.

"మరి దీన్ని మూయాలంటే ఏం నొక్కాలండి?"

అతను ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. "కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ నైన్. ఇంకెవరికీ చెప్పకండి."

ఆ మూడూ నొక్కితే బ్రౌజర్ మూసుకోదు. అతని సెల్ మోగుతుంది, అలా అతనే అమర్చాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాలుంది. తుఫాను హెచ్చరిక తెర మీదకి అప్పుడే వచ్చింది. ఎదుటి టీకొట్లో ఉదయభాస్కర్ జేబులో సెల్ మోగింది. ఆమె కాకపోతే బాగుండునని మూడు రోజులుగా అనుకుంటున్నాడు. పరిగెత్తాడు.

కీబోర్డు లేని కియోస్కుకి మంజుష హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన మడత కీబోర్డుని తగిలించి ఆ మూడూ పదేపదే నొక్కుతోంది. పేజీ కదల్లేదు. అతన్ని చూడగానే ప్లగ్ పీకేసి పిస్టల్ తీసింది. స్క్రూడ్రైవర్ పిడితో మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ కిందపడింది. టీకొట్లోంచి అతని వెనకే వచ్చిన మఫ్టీ కానిస్టేబుళ్లు ఆమెని పట్టుకున్నారు.

"సందీప్ కూడా నా మాట వినలేదు," అంది ఆమె. "ఆ డబ్బా లేచేసరికి పడవలు గోదావరి మొగ దాటి సముద్రంలోకి పోతాయి."

రేవులో ఇంజన్లు మొదలయ్యాయి. పడవల పెద్ద బుల్లియ్య గుమ్మంలోకి వచ్చాడు. "తెర ఆరిపోయిందేంటండి? పొద్దున బాగానే ఉందన్నారు. మేం పోతున్నామండి."

"తుఫానండి. ఆగండి."

"మెకానిక్ మాట మీద వేట మానుకుంటామాండి? తెర మీద చూపించండి."

ఉదయభాస్కర్ ప్లగ్ పెట్టాడు. కంప్యూటర్ మూలుగుతూ లేస్తోంది. మొదటి పడవ తాడు విప్పారు. రెండోది కూడా కదిలింది. యంత్రం లేచింది, బ్రౌజర్ దానంతటదే మొదలైంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఎర్రటి అక్షరాలు: తుఫాను. వేటకి వెళ్లరాదు.

బుల్లియ్య తలగుడ్డ విప్పి గట్టు మీద ఊపాడు. పడవలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. నాలుగింటికి గాలి ఇళ్ల మీది రేకులు లేపింది. ఉత్తరాన గస్తీ ఓడలు కదల్లేదు. ఆయుధాల ఓడ వాటి చేతికే చిక్కింది.

గాలి తగ్గాక బుల్లియ్య కియోస్కు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"బాబూ, ఇందులో సినిమా వస్తుందాండి?"

"రాదండి. వాతావరణం తప్ప ఇంకేదీ రాదు."

బుల్లియ్య జాలిగా చూశాడు. "కాస్త మంచిది పెట్టాల్సిందండి."