పందిట్లో పాట

“కిటికీ ముయ్యకు, ఉక్కపోస్తది,” రెండోసారి అన్నాడు రామ్‌దాస్.

“తెరిస్తె పాట ఇనవడ్తది,” అంది అతని భార్య రుక్మాబాయి, రెక్క వదలకుండా.

ఎదురుగా టెంట్‌హౌస్ స్పీకర్లో డీజే దరువు మీద ఊగుతున్నది ఆమె గొంతే: “బోధన్ల చక్కెర బోరాలకొద్ది, చాయ్‌ల ఎయ్యది మా లచ్చవ్వ.”

కూతురు అఖిల పెళ్ళిలో, బస్తాలకొద్దీ చక్కెరున్నా చాయ్‌లో వెయ్యని పిసినారని వియ్యపురాలు లచ్చవ్వను దెప్పుతూ ఆమె కట్టిన పాట అది. పందిట్లో వియ్యపురాలిని పేరుపెట్టి దెప్పడం ఆనవాయితీ. ఎంత ఘాటుగా దెప్పితే అంత మర్యాద. ఆ రోజు లచ్చవ్వ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. పందిట్లో మాట పందిట్లోనే ఉండాలి.

రామ్‌దాస్ లా ప్రొఫెసరు. కాపీరైటు కట్లు సడలించాలని, పాటలూ పుస్తకాలూ అందరికీ అందాలని సభలు పెడతాడు. ఫోన్లో పట్టిన ఆ పాటను, ఎవరైనా ఎట్లయినా వాడుకోవచ్చని రాసి ఇంటర్నెట్లో పెట్టాడు. డీజేవాళ్ళు ఎత్తుకున్నారు. ఇప్పుడు తన ఊరు నవీపేట్ అంగట్లో లచ్చవ్వ కనబడితే చాలు, కుర్రాళ్ళు చక్కెర అడుగుతున్నారు. అఖిల నిన్న సంచీతో పుట్టింటికొచ్చింది.

“అత్త తిట్టలే బాపు,” అంది అఖిల. “‘మీ అమ్మ నన్ను అంగట్ల నిలవెట్టింది’ అని అన్నం మానేసింది. గామె ముంగట నేనెట్ల తినాలె?”

“ఆ పాట తీయించుండ్రి,” అంది రుక్మాబాయి.

“పాటకు తాళమెయ్యొద్దని ఊరూర చెప్పినోన్ని. నేనే తీయిస్తె నా మాటకు ఇలువేముంటది? నా పుస్తకాలు గూడ ఊకెనే పెట్టిన గద.”

“మీయి మీరు పెట్టుకున్నరు. నాది నన్నడిగిండ్రా? ముసలితనంల ఇద్దరం ఇనుకుందమని పట్టుకున్నరు.”

“నా పెండ్లాం పాటనే గద అనుకున్న...”

రుక్మాబాయి అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళూ తన పాట వింటున్నాడనుకుంది. దాన్ని ఇంటి సామాను లెక్కలో వేసుకున్నాడని ఇప్పుడే తెలిసింది.

“బర్రెను అమ్మేటోడు గూడ ఇంట్ల ఒక మాట అడుగుతడు బిడ్డా,” అంది అతని తల్లి భూమవ్వ.

రామ్‌దాస్ తల దించుకున్నాడు. “తప్పయింది,” అన్నాడు.

రుక్మాబాయి అందరికీ పళ్ళేలు పెట్టి, ఉప్మా వడ్డించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“పాట కట్టింది నేను. తీసెయ్యుమని ఇంటర్నెటోళ్ళకు నా పేరుతోటి నేనే ఫిర్యాదు ఇస్తున్న. నన్నడగకుంట ఇచ్చింది నా మొగడేనని గూడ రాస్త. తిన్నంక అఖిలను తోల్కొని నవీపేట్ పోతున్న. లచ్చవ్వ ముంగట గదే మాట చెప్త.”