గోడల్లేని వైపు

"సెంటు రాసుకుని వచ్చారా?"

ఎలుకల గదిలో ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది. ఆమె అక్కడ పరిశోధన చేసేది. బోనులు కడగడం నా పని.

"పౌడరండి."

"ఏదైతేనేం. మగవాసనకే ఇవి బెదిరిపోతాయి, దాని మీద ఇదొకటా? ఇవాళ్టి టెస్టు పాడైంది. బయటికి నడవండి, పౌడరుగారూ."

"మగవాసన ఎలా పోతుంది మేడమ్?"

"పోదు. అవే అలవాటు పడాలి. మీ పాత చొక్కా ఒకటి బోనుల దగ్గర పెట్టండి."

పెట్టాను. ఎలుకలకు అలవాటైంది. ఆమెకు కూడా.

ఆ టెస్టుకు నేలకు ఎత్తుగా, కూడలిలా బిగించిన నాలుగు చెక్కలు ఉండేవి. రెండింటికి గోడలు, రెండింటికి లేవు. భయమున్న ఎలుక గోడల మధ్యే నక్కుతుంది. ఆడ ఎలుకకు ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఇస్తే గోడల్లేని వైపు వచ్చి మీసాలు దువ్వుకునేది.

"మెదడులో ఆ హార్మోనుకి రిసెప్టర్లుంటాయి. తాళాలనుకోండి. అది వచ్చి తిప్పితే సెరటోనిన్ సరిగ్గా అందుతుంది, మనసు కుదురుగా ఉంటుంది," అంది.

"ఇంత తెలిసి, రోడ్డు దాటడానికి నా చెయ్యెందుకు?"

ఆమె నవ్వలేదు. రొమ్ములో గడ్డ తీశారట. ఆ గడ్డకు మేత ఈ హార్మోనే. అది మళ్ళీ రాకుండా మాత్రలు.

"తాళంలో పుల్ల విరిచినట్టు అడ్డుపడతాయవి, ఒంట్లోనూ, మెదడులోనూ. గడ్డ ఆకలితో చస్తుంది, నేను భయంతో చస్తాను. పెళ్ళీ గిళ్ళీ అనకండి."

"భయపడుతూనే చేసుకోండి. పక్కన నేనుంటాను."

చేసుకుంది. మొదటి ఏడాది నా చొక్కా అంచు పట్టుకునే నిద్రపోయేది. తర్వాత వదిలేసింది. రోడ్డు ఒక్కతే దాటింది. ఒకరోజు వానలో, పిట్టగోడ లేని మేడ అంచున నిలబడి పిలిచింది.

"పైకి రండి పౌడరుగారూ. కరిగిపోతారని భయమా?"

నేను పొంగిపోయాను. వాళ్ళక్కతో గొప్పలు పోయాను.

"చూశారా వదినా, మీ చెల్లి ఎలా మారిపోయిందో."

"మహిమంతా నీదే మరిదీ."

ఆ తర్వాత నడుము నొప్పి వచ్చింది. జబ్బు ఎముకలకు పాకిందన్నాడు డాక్టరు.

"మాత్రలు ఎప్పుడు ఆపారు?"

"ఆపలేదండీ," అన్నాను నేను.

ఆమె నా వైపు చూడలేదు. "పెళ్ళయిన ఏడాదికి," అంది.

వార్డులో అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మింగమనేవారు."

"మింగమనేవాణ్ణే."

"ఒక్కసారైనా భయం లేకుండా మీ పక్కన కూర్చోవాలనిపించింది."

"నా వల్ల తగ్గిందనుకున్నాను."

"తెలుసు. ఆ ముఖం చూశాక ఇక చెప్పబుద్ధి కాలేదు."

అదే మా ప్రేమకథ. మళ్ళీ వానాకాలం రాకముందే ఆమె పోయింది.

"ఉన్నన్నాళ్ళూ నవ్వుతూ ఉంది. క్షమించెయ్యి మరిదీ," అంటుంది వదిన.

క్షమించను. గోడల మధ్య నక్కి, వణుకుతూ, నా చొక్కా పట్టుకుని, ఆమె ఇంకా ఉండాల్సింది.